ఎంగిలి జాడీ

మొన్న వానకి కరెంటు పోయింది. ఏలూరులో ఈ మధ్య కరెంటు పోవడం తగ్గింది కాబట్టి, దొరికిన అవకాశాన్ని వదులుకోకుండా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఫొటో. మా తమ్ముడి కూతురు పంపింది. ఉద్యోగం పని మీద డెన్మార్కు వెళ్లి, అక్కడ ఒక మ్యూజియంలోకి దూరిందట. వాన పడుతోందని దూరిందట, కళ మీద ప్రేమతో కాదు. అది మా వంశం పిల్లే.

ఫొటోలో ఒక గాజుపెట్టె. అందులో ఒక మట్టిగిన్నె. పైనుంచి చిన్న దీపం. పక్కన పలక మీద మా అత్తయ్య పేరు, ఆ దేశం వాళ్లకి నోరు తిరిగినట్టుగా. దాని కింద మరో పలక. ముట్టుకోరాదు.

మా మామ్మ కూడా అత్తయ్య చేసిన ఒకదాని గురించి అదే మాట అంది. గాజు ఖర్చు లేకుండా.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. మామ్మ వాళ్లిద్దరికీ అమ్మ. మా ఊరు కొల్లేటి అంచున ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ కొల్లేరే జరిగిపోయింది. ఆ రోజుల్లో గుండుగొలనులో బస్సు దిగితే రోడ్డు సన్నబడి గట్టయ్యేది, గట్టు సన్నబడి కాలిబాటయ్యేది, కాలిబాట మా దొడ్లోకి వచ్చి ఆగేది. అవతల ఇక నీళ్లే. కొల్లేరు మాకు చుట్టం లాంటిది. వానాకాలం పిలవకుండా వచ్చి గడ్డివాము దాకా కూర్చునేది. రోహిణీ కార్తెకి చెప్పకుండా వెళ్లిపోయేది. వెళ్తూ వెళ్తూ నల్లటి మట్టి, తెల్లటి నత్తగుల్లలు, తామర వేళ్ల వాసన వదిలేసేది. మధ్యాహ్నం ఎండలో ఆ ఎండిన మేర వైపు చూస్తే దూరంగా మళ్లీ నీళ్లున్నట్టే కనబడేది. కొంగలు కూడా మోసపోయి ఆ వైపు ఎగిరి, కాసేపటికి ముఖాలు చిన్నబుచ్చుకుని తిరిగొచ్చేవి. ఇప్పుడు అక్కడంతా చేపల చెరువులు. నీళ్లు ఏడాది పొడుగునా కదలకుండా ఉంటాయి. చుట్టం ఇల్లరికం వచ్చేసినట్టు.

అత్తయ్య చిన్నప్పుడు ఆ మట్టితో బొమ్మలు చేసేదట. మా ఊళ్లో పిల్లలందరూ చేశారు. పెద్దయ్యాక మానేశారు. అత్తయ్య మానలేదు, అంతే తేడా. ఏలూరులో కాలేజీ చదివింది, తరవాత ఉత్తరాదిన బొమ్మల కాలేజీలో చదివింది, అక్కణ్ణించి స్కాలర్‌షిప్పు మీద డెన్మార్కు వెళ్లింది. మధ్యలో సంబంధాలు వచ్చాయి. ఆవిడ రాలేదు. మొదట ఒక పింగాణీ కర్మాగారంలో పళ్లేల అంచు మీద నీలంపువ్వు వేసే పని. రోజంతా ఒకే పువ్వు. మనం రామకోటి రాస్తామే, అలాగన్నమాట. కొన్నేళ్లు వేశాక, ఇక దేవుడు కనిపించడని తేల్చుకుని ఆ పని వదిలేసి, సముద్రం ఒడ్డున పాత గుర్రాలసాల ఒకటి అద్దెకి తీసుకుని, అందులో తన కుమ్మరిసారె, తన బట్టీ పెట్టుకుంది. గిన్నెలు, కంచాలు, కూజాలు చేసింది. అక్కడి వాళ్లు వాటిని కొనుక్కుని కొందరు గోడకి తగిలించుకున్నారు, కొందరు అందులో తిన్నారు.

మా ఊళ్లో అందరికీ తెలిసింది మాత్రం ఒక్కటే. ఫలానా వాళ్లమ్మాయి విమానమెక్కి వెళ్లి కుండలు చేస్తోంది.

ఒక ఎండాకాలం అత్తయ్య వచ్చింది. నాకు అప్పుడు పళ్లు ఊడి వస్తున్న వయసు. పెట్టె తెరిస్తే చలికోట్లు. గుండుగొలనులో రోహిణీ కార్తెకి చలికోట్లేమిటా అని అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఒక్కో కోటు విప్పుతుంటే లోపల్నించి ఒక్కో కంచం, ఒక్కో గిన్నె బయటికొచ్చాయి. చెరువు మీద తెల్లవారే రంగులో ఉన్నాయి. వేలితో తడితే చల్లగా, పిల్లి ముక్కులా ఉండేవి.

అన్నిట్లోకీ మంచి కంచం ఒకటి తీసి అత్తయ్య మామ్మ ముందు పెట్టింది.

"ఇందులో తినమ్మా. నీకోసం చేశాను."

మామ్మ చీర కొంగు చేతికి చుట్టుకుని, దాంతో కంచం అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుందే. చాలా నున్నగా చేశావు."

"తినమ్మా మరి."

"మట్టిది కదే."

"మట్టిదైతే?"

"మట్టికి ఒకసారి ఎంగిలి తగిలితే వదలదు. కంచుకి కడిగితే పోతుంది, స్టీలుకి పోతుంది. మట్టికి పోదు. ఒకసారి తిని పారెయ్యాలి. ఇంత అందమైనది పారేసుకుంటావా?"

"ఇది అలాంటి మట్టి కాదమ్మా. పైన గాజుపూత ఉంది. నీళ్లే ఇంకవు, ఎంగిలెలా ఇంకుతుంది?"

"పౌడరు రాసుకుంటే నువ్వు నువ్వు కాకుండా పోతావటే? పైన ఏం పూసినా లోపల మట్టే."

నేను అప్పటికే ఊరుకోవడం చేతకాని పిల్లని. "మరి ఆవకాయ జాడీ కూడా పింగాణీయే కదా మామ్మా? దాన్ని పారెయ్యవేం?"

మామ్మ నా వైపు జాలిగా చూసింది. "జాడీలో ఎవరైనా చెయ్యి పెట్టి తింటారటే? స్నానం చేసి, పొడి చేత్తో, చెక్కగరిటెతో తీస్తాం. దానికి ఎంగిలెక్కడిది?"

తరవాత నేను కాలేజీలో తర్కం ఒక సబ్జెక్టుగా చదివాను. మామ్మ వాదంలో తప్పు పట్టడానికి అది నాకేమీ ఉపయోగపడలేదు.

కంచాలన్నీ వీధి అరుగు మీది అల్మరాలోకి వెళ్లాయి. మునసబుగారు వచ్చినా, పశువుల డాక్టరుగారు వచ్చినా వాళ్లకి ఉప్మా పెట్టడానికి. ఒక పెద్ద గిన్నె మాత్రం దొడ్లోకి వెళ్లింది. లేగదూడకి తవుడు కలిపి పెట్టడానికి అది సరిగ్గా సరిపోయింది. ఇవాళ గాజుపెట్టెలో దీపం కింద ఉన్నదానికి అది అక్కే అయి ఉండాలి. మా ఇంట్లో అత్తయ్య కళని మొదట ఆస్వాదించినది ఆ దూడ. అడుగు దాకా నాకేది.

అత్తయ్య నవ్వింది, అందరం నవ్వాం. ఆ మధ్యాహ్నం వంటింట్లో అమ్మ పప్పు రుబ్బుతుంటే, అత్తయ్య పక్కన పీట మీద కూర్చుని మెల్లిగా అంది. "అక్కడ ఎవరెవరో తింటున్నారే నా కంచాల్లో. పేరు తెలియని వాళ్లు. మా అమ్మ ఒక్క ముద్ద తింటే చాలు నాకు. ఈసారి వెళ్తే మళ్లీ ఎన్నాళ్లకి వస్తానో."

అమ్మ రుబ్బడం ఆపలేదు. "అత్తయ్యగారు అన్నారంటే అన్నారే వదినా. ఆవిడ చేత ముద్ద తినిపించడం మనవల్ల అయ్యే పని కాదు. అడిగే పద్ధతేదో మార్చండి."

మర్నాడు పొద్దున్నే అత్తయ్య పద్ధతి మార్చింది. మామ్మ తులసికోట దగ్గర ముగ్గు వేస్తుంటే వెళ్లి నిలబడింది.

"అమ్మా, జాడీ చేస్తాను. ఈ ఏటి ఆవకాయ అందులో పెడతావా?"

మామ్మ ముగ్గు పూర్తి చేసి గాని తలెత్తలేదు. "నూనె ఊరకూడదు."

"ఊరదు."

"ఏడాది ఉండాలి."

"ఉంటుంది."

"ఏ మట్టితో చేస్తావు?"

"మన మట్టితోనే. కొల్లేటి మట్టి."

మామ్మ చేతికున్న ముగ్గు దులుపుకుంది. "కాయలు దింపే వేళకి అందించు మరి. కాయ నీకోసం ఆగదు."

అలా కుదిరింది ఒప్పందం. కంచంలో ముద్ద దాకా రాకపోయినా, చెయ్యి జాడీ దాకా వస్తుంది. అత్తయ్యకి అదే చాలనిపించింది.

మట్టికి అందరం వెళ్లాం. నాన్న, అత్తయ్య, నేను, వీధిలో పిల్లలంతా. ఎండిన కొల్లేటి నేల మీద పలకలు పలకలుగా బీటలు, ఒక్కో పలక అంచు అట్టు కాలినప్పుడు లేచినట్టు లేచి ఉండేది. పారతో మోకాలి లోతు తవ్వితే లోపల ఇంకా తడి. నీలం నలుపు కలిసిన మట్టి, వెన్నలా వచ్చేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తామరతూళ్లు, చేపలు, పోయినేడాది వానలు, అన్నీ కలిసిన వాసన. మట్టి నిండా నత్తగుల్లలు. చిన్నవి, పెద్దవి, కొన్ని మా గోళ్లంత, కొన్ని ఆవగింజంత. మేం పెద్దవి ఏరి జేబుల్లో వేసుకున్నాం. కొన్నాళ్లు మా ఊళ్లో అవే కరెన్సీ.

మట్టిని నీళ్లలో కలిపి వడకట్టాలి. దానికి మెత్తటి పాత బట్ట కావాలి. నీరుకావి పంచె అయితే శ్రేష్ఠమంది అత్తయ్య.

"అమ్మా, నాన్నగారి పాత పంచెలు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇవ్వను."

"ఎందుకమ్మా?"

"మామిడికాయలు తుడవద్దూ? కాయకి తడి ఉంటే ఆవకాయ బూజు పడుతుంది. ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి ఉంచాను. వాటికి మట్టి అంటిస్తే నీ జాడీ ఎంత బాగున్నా లోపల పెట్టడానికి ఆవకాయ ఉండదు."

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన పంచెలకి మాత్రం ఏటా వేసవిలో ఇంత పని ఉండేది. అత్తయ్య ఇల్లంతా వెతికి, చివరికి చిరిగిన దోమతెర ఒకటి సంపాదించింది. దాన్ని మడతలు వేసి, ఇద్దరేసి పిల్లలం చెరోవైపు పట్టుకుంటే, నల్లటి మట్టినీళ్లు జారి తొట్టెలో పడేవి. తెర మీద గుల్లలు మిగిలేవి. దోమ దూరని తెరలోంచి గుల్ల ఎలా దూరుతుందిలే అనుకున్నాం అందరం, డెన్మార్కుతో సహా.

మా ఊరి కుమ్మరి తాత సారె తిప్పడం మానేసి చాలాకాలమైంది. అల్యూమినియం బిందెలు వచ్చాక ఆయన ఆ సారెని చావిడి గోడకి ఆనించేశాడు. అత్తయ్య అడిగితే దులిపి, నూనె వేసి ఇచ్చాడు గాని, ఎదురుగా నులకమంచం వేసుకుని కూర్చున్నాడు, కదల్లేదు. అత్తయ్య చీర మోకాళ్ల దాకా సర్దుకుని, నేల మీద గొంతుక్కూర్చుని కర్రతో సారె తిప్పింది. అక్కడ కుర్చీలో కూర్చుని చేసే అలవాటు, నడుం పట్టేసింది.

"అక్కడ సారెని ఎవరు తిప్పుతారండి అమ్మాయిగారూ?"

"కరెంటు తాతా. మోటారు తిప్పుతుంది."

"కరెంటు పోతేనో?"

"అక్కడ పోదు."

తాత మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. "పోదా!"

ఆవిడ చేసిన పని గురించి గాని, చూసిన దేశాల గురించి గాని ఆయన ఆ తరవాత ఇంకేమీ అడగలేదు. వీధిలో వెళ్లే ప్రతివాణ్ణీ ఆపి, "ఆళ్ల దేశంలో కరెంటు పోదంటయ్యా" అని చెప్పడంలో మునిగిపోయాడు.

మట్టి ముద్ద సారె మీద తిరుగుతూ, అత్తయ్య రెండు చేతుల మధ్య ఊపిరి పీల్చినట్టు పైకి లేచింది. లోపల్నించి ఒక చెయ్యి, బయట్నించి ఒక చెయ్యి. ఎండ చూరులోంచి గీతలుగా పడుతోంది. తడిమట్టి వాసన, పొలం గట్ల మీంచి వేడిగాలి, సారె చప్పుడు. నాకు కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి జాడీ అయిపోయింది. ఆ నిద్రలో కొంత భాగం ఇంకా నా దగ్గరే ఉంది.

పైపూతకి గాజు కావాలి. గుండుగొలను సోడా కొట్టువాడు పగిలిన గోళీసోడా బుడ్లు గోతాంలో పోసి ఉంచేవాడు. అవి తెచ్చి నూరితే, అందులో పొయ్యి బూడిద, వెలిగారం కలిపితే, సోడా బుడ్డి రంగే జాడీకి వస్తుందంది అత్తయ్య. పగిలిన బుడ్లు చాలవేమోనని పిల్లలం కొన్ని నిండు సోడాలు కూడా తాగి వచ్చాం. కళాసేవ. బుడ్లు మాత్రం కొట్టువాడు ఇవ్వలేదు, అవి పగలలేదు కదా అన్నాడు.

బట్టీకి ఊక తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు నించి వచ్చింది. మిల్లు మా నాన్న స్నేహితుడిది. లారీ మీద ఊక బస్తాల పైన నేనూ నాన్నా కూర్చుని వచ్చాం. గాలికి ఊక ఎగిరి మెడలో, చెవుల్లో, గౌనులో దూరింది. ఇంటికొచ్చాక మూడు బిందెల నీళ్లు పోసినా దురద పోలేదు. ఇప్పటికీ ఎవరైనా డెన్మార్కు అంటే నాకు మెడ వెనక దురద పెడుతుంది.

దొడ్లో ఇటుకలతో బట్టీ కట్టారు. తెల్లవారుజామున అంటించి పొద్దు వాలేదాకా ఊక పోస్తూనే ఉన్నారు. ఊరంతా వచ్చి చూసి, ఎవరికి తోచిన సలహా వాళ్లు చెప్పి వెళ్లారు. అత్తయ్య ముఖం ఎర్రగా కాలిపోయింది. బట్టీ ఆరేదాకా ఆవిడ అన్నం సరిగా తినలేదు. మామ్మ కాయలు దింపే మనిషిని ఇంకో రెండ్రోజులు ఆగమని కబురు పంపింది. కాయ ఎవరికోసమూ ఆగదన్న మనిషే.

తీశారు. జాడీ సన్నగా పొడుగ్గా వెళ్లింది లోపలికి. వేడికి కుంగి, పొట్టిగా, బొద్దుగా, మూతి వెడల్పై బయటికొచ్చింది. మా వైపు వాళ్లందరూ అంతే, వయసు మీద పడితే. ఒక పక్కకి కాస్త వాలింది కూడా. మా నాన్న దాన్ని గుండుగొలను వైపు వాలేటట్టు పెట్టారు. బస్సు వస్తోందేమోనని చూస్తున్నట్టుండేది. రంగు మాత్రం, ఏం చెప్పను, గోళీసోడాని ఎండకి పట్టుకుని అందులోంచి కొల్లేరు చూస్తే ఎలా ఉంటుందో అది.

మామ్మ స్నానం చేసి వచ్చింది. వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. ఇంకోసారి కొట్టింది. నీళ్లు నింపి, పొడి బూడిద పరిచి దానిమీద పెట్టి, పొద్దున్నే చూసింది. బూడిద బూడిదలాగే ఉంది. మామ్మ ఆ బూడిదని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఊరలేదే!" అంది. మా మామ్మ జీవితంలో ఎవరికైనా ఇచ్చిన అత్యున్నత సన్మానం అది.

ఆవకాయ రోజు ఇంట్లో పిల్లలకి ప్రవేశం లేదు. గుమ్మంలోంచే చూడాలి. తాతయ్య పంచెలు కాయలు తుడుస్తున్నాయి. కత్తిపీట మీద టెంక విరిగే చప్పుడు. ఆవపిండి ఘాటుకి గుమ్మంలో ఉన్నవాళ్లకి కూడా కళ్ల వెంట నీళ్లు. పప్పునూనె వాసన, కొత్తకారం ఎరుపు. మామ్మ మోచేతుల దాకా ఎర్రబడి, ముక్కలు కలిపి, దోసిళ్లతో జాడీలోకి వేసి, నూనె పోసి, మూతికి తెల్లటి బట్ట వాసెన కట్టింది. కట్టి, దాన్ని పాత జాడీల పక్కన, లోపలి గదిలో పీట మీద పెట్టింది. ఆ గదిలోకి మా ఇంటి కోడళ్లు కూడా అడిగి వెళ్లాలి. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. గుర్రాలసాలలో ఏళ్ల తరబడి చేసినవాటిలో ఏదీ అంత దూరం వెళ్లలేదు.

మూడో రోజు వాసెన విప్పి తిరగకలపాలి. అందరం ఉన్నాం. మామ్మ బట్ట విప్పి, గరిటె లోపల పెట్టబోతోంది. అప్పుడు వినిపించింది.

టప్.

వేరుశెనక్కాయ ఒలిచినంత చప్పుడు. జాడీ పొట్ట మీంచి చిన్న పెంకు ఎగిరి నేల మీద పడింది. అది లేచినచోట నువ్వుగింజంత గుంట, గుంట మధ్యలో తెల్లటి చుక్క. అందరం ఆ చుక్క వైపు చూస్తుండగానే పక్కన ఇంకోటి. టప్.

అత్తయ్య ముందుకొచ్చింది. వంగి ఆ తెల్లచుక్కని గోటితో గీకింది. "సున్నం" అంది. "గుల్లముక్కలు. దోమతెరలోంచి దిగిపోయాయి. బట్టీలో కాలి సున్నం అయ్యాయి. ఇప్పుడు గాలిలో తడి తాగి ఉబ్బుతున్నాయి. ఆగవమ్మా. ఇంకా ఎన్ని ఉన్నాయో లోపల." వేలికంటిన సున్నం చూసింది. "ముక్కల్లో పెంకు పడుతుంది. తీసెయ్. పాత జాడీలోకి తీసెయ్."

అంటూనే దొడ్లోకి వెళ్లిపోయింది. నూతిపళ్లెం మీద కూర్చుంది, మాకు వీపు పెట్టి. వీపు కదులుతోంది. దూడ వెళ్లి ఆవిడ కొంగు నమలడం మొదలుపెట్టింది. దానికి మొదట్నించీ ఆవిడంటే ఇష్టం.

మామ్మ మళ్లీ గరిటె అందుకుంది. ఏడాది ఆవకాయ, ఇంటిల్లిపాదికీ కావాలి. గరిటెతో తీసి, ఒక్కో ముక్కా చూసుకుంటూ పాత జాడీలోకి మార్చింది. జాడీ ఖాళీ అయింది. గోడలకి ఎర్రగా పిండి, అడుగున నూనె మిగిలాయి.

అప్పుడు అమ్మతో అంది. "అన్నం ఉడికిందా? వేడిగా ఉన్నదే పట్రా. నెయ్యి కూడా."

ఆవకాయ కలిపిన బేసినులో వేడన్నం వేసి, అంటుకున్న పిండి అంతా అన్నానికి పట్టించి, నెయ్యి వేసి, పిల్లలకి ముద్దలు పెట్టడం ఎవరింట్లోనైనా ఉన్నదే. మామ్మ అన్నం తెచ్చి ఆ జాడీలో పోసింది. వెడల్పైన మూతిలోంచి చెయ్యి లోపలికి పెట్టి కలిపింది. మాకందరికీ తలో ముద్ద. నాన్నకి, అమ్మకి కూడా. చెయ్యి చాపితే చేతిలో పెట్టింది. కారానికి చెవుల్లోంచి పొగలు, నేతికి కళ్లు అరమోడ్పులు.

"నువ్వూ రావే" అని నూతి వైపు కేకేసింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. ముద్ద పెట్టింది.

అడుగున ఇంకా అన్నం ఉంది. మామ్మ పీట లాక్కుని కూర్చుంది. జాడీ ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి లోపల పెట్టి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. అదే చెయ్యి మళ్లీ లోపల పెట్టింది.

అందరం ఆ చెయ్యి వైపే చూశాం. నేను మాత్రం, ముందే చెప్పాను కదా, ఊరుకోవడం చేతకాదు. "మామ్మా! ఎంగిలి!"

"అవునే. అయింది" అంది మామ్మ నోట్లో ముద్దతో. "ఇంక ఇది నాదే. ఎవరూ ముట్టుకోకండి."

"అమ్మా, పెంకు తగులుతుందే" అంది అత్తయ్య.

"తగిలితే తీసి పక్కన పెడతాను. బియ్యంలో బెడ్డలు ఏరుకుని తిన్నవాళ్లమే, గుల్లలకి భయపడతామా?" ఇంకో ముద్ద తీసుకుంది. "ఉప్పు కాస్త ఎక్కువైంది. పారెయ్యమంటానని అనుకుంటున్నావేమో, పారెయ్యను. రోజూ నేనే తింటే ఎవరి ఎంగిలి ఎవరికి?"

ఏళ్లుగా కట్టుకున్న వాదంలో అలాంటి సందొకటి ఉందని మామ్మకి ముందునించీ తెలుసో, ఆ క్షణాన్నే కనిపించిందో నాకు తెలియదు. అడిగితే జాలిగా చూసేది.

అత్తయ్య నేల మీద కూలబడి మామ్మ తింటున్నంతసేపూ చూసింది. గోడకి ఆనుకుని, రెండు చేతులూ ఒళ్లో వదిలేసి. సారె మీద అలసిపోయాక అలాగే కూర్చునేది.

వెళ్లేముందు ఆవిడ కొల్లేటి మేరలోకి వెళ్లి నత్తగుల్లలు ఏరి తెచ్చింది. ఆవకాయ సీసా పక్కన పెట్టెలో పెట్టడానికి మూటకట్టాలి. బట్ట కోసం వెతుక్కుంటుంటే మామ్మ లోపల్నించి తాతయ్య పంచె తెచ్చి, నిలువునా చింపి సగం ఇచ్చింది.

"ఇప్పుడిస్తావా!" అంది అత్తయ్య.

"కాయలు తుడవడం అయిపోయిందిగా" అంది మామ్మ.

ఇద్దరూ పకపకా నవ్వారు. తరవాత కొంచెం ఏడ్చారు కూడా. మృగశిర చినుకులు పడుతుండగా నాన్న అత్తయ్యని గట్టు మీదుగా బస్సు దాకా దిగబెట్టారు. నేను గడ్డివాము ఎక్కి, గొడుగు చుక్కయ్యేదాకా చూశాను. వెనక కొల్లేరు అప్పుడప్పుడే తిరిగి వస్తున్న వాసన.

మామ్మ చివరిదాకా ఆ జాడీలోనే తింది. పప్పూ అన్నం, పెరుగన్నం, వేసవిలో తరవాణీ అన్నీ. ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఆవిడ ముఖం కంటే జాడీయే ఎక్కువ కనిపించేది. అప్పుడప్పుడు టప్‌మనేది. మామ్మ ఆ పెంకు తీసి, కూరలో కరివేపాకు తీసినట్టు, పక్కన పెట్టి ముద్ద కలుపుకునేది. అత్తయ్యకి ఉత్తరాలు నా చేత రాయించేది. "మేమందరం క్షేమం. ఆవు ఈనింది. ఈ వారం ఒకటి పేలింది" అని. ఏళ్లు గడిచేకొద్దీ పేలడం తగ్గింది. మామ్మ తినడమూ తగ్గింది. ఆవిడ పోయినప్పుడు ఆ జాడీ పారెయ్యాలన్నారు పెద్దలు. నాన్న విననట్టు ఊరుకున్నారు. ఆయనకి బాగా వచ్చిన విద్య అదొక్కటే. తరవాత ఆ జాడీ నాతో ఏలూరు వచ్చింది. అత్తయ్యా పోయి చాలాకాలమైంది, ఆ సముద్రం ఒడ్డునే.

ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. గాజుపెట్టెలో గిన్నె ఒళ్లంతా నువ్వుగింజంత గుంటలు. ఒక్కోదాని మధ్య ఒక తెల్లచుక్క. ఆ తరవాత ఆవిడ చేసినవన్నీ అలాగే ఉంటాయి. గుల్లలు కావాలనే నూరి కలిపేది. ఆవిడకి పేరొచ్చింది కూడా వాటితోనే.

"పలక మీద ఏం రాశారో చదివి చెప్పనా అత్తా?" అని మెసేజి పెట్టింది మా తమ్ముడి కూతురు. "ఉత్తరదేశాల తొలిమంచుని ఈ కళాకారిణి మట్టిలో పట్టుకుంది అని రాశారు. బాగుంది కదూ?"

జవాబు రాశాను. "అది మంచు కాదమ్మా. మీ తాతమ్మ పంచె ఇవ్వలేదు."

"ఏమిటీ?" అని వచ్చింది. వచ్చినప్పుడు చెప్తానన్నాను.

వాన తగ్గలేదు. కరెంటు రాలేదు. కుమ్మరి తాత ఉంటే మన దేశం మన దేశమే అనేవాడు. కంచంలో అన్నం పెట్టుకుని మొదటి ముద్ద కలుపుతున్నాను. వంటింటి గూట్లో, మామ్మ మాట మీద ఇన్నాళ్లుగా ఎవరమూ ఎంగిలి చెయ్యని ఆ జాడీ, వీధి చివరి బస్సు స్టాపు వైపు వాలి ఉంది. ఇక అందులో గుల్లలు మిగిలి ఉండవనే అనుకుంటున్నాను చాలా ఏళ్లుగా.

టప్.

లేచి వెళ్లి కింద పడ్డ పెంకు తీశాను. జాడీని ముట్టుకోలేదు. పెంకు తెచ్చి కంచం అంచున పెట్టుకుని, ముద్ద కలుపుకున్నాను.